పన్ను ఊరిది, ఖాతా ఖజానాది: పంచాయతీల వాటా ఎక్కడ ఆగుతోంది?

సంక్షిప్తంగా: మంచినీళ్లు, పారిశుద్ధ్యం, వీధి దీపాల బాధ్యత పంచాయతీలది. ఆ ఖర్చుకు కావాల్సిన రాబడిలో ఎక్కువ భాగం ముందు రాష్ట్ర ఖజానాలో పడి, అక్కడి నుంచి ఊరికి రావాలి. కేంద్ర ఆర్థిక సంఘం (కేంద్రం పన్నుల రాబడిని ఎవరికెంత పంచాలో సిఫారసు చేసే రాజ్యాంగ సంస్థ) చెప్పిన గ్రాంటుకు గడువు, ఆలస్యమైతే వడ్డీ ఉన్నాయి. రాష్ట్రం నుంచి స్థానిక సంస్థలకు రావాల్సిన సొమ్ముకు అలాంటి కట్టుబాటు లేదు. వాటా ఎంతన్న దానికన్నా అది ఎవరి ఖాతాలో, ఎన్నాళ్లు ఆగుతోందన్నదే తెలుగు రాష్ట్రాల్లో అసలు సమస్య.

తెలంగాణలో 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగాయి. అంతకుముందు దాదాపు రెండేళ్లు పల్లెలు ప్రత్యేకాధికారుల ఏలుబడిలో ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేని చోటికి ఆర్థిక సంఘం గ్రాంటు రాదన్నది కేంద్రం నిబంధన కాబట్టి ఆ కాలమంతా ఆ నిధులూ నిలిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026లో తీరుతుంది. పదిహేనో ఆర్థిక సంఘం కాలం 2026 మార్చితో ముగిసి, ఏప్రిల్ నుంచి పదహారో సంఘం లెక్క మొదలవుతుంది. కొత్త సర్పంచులు, పాత బకాయిలు, మారుతున్న గ్రాంటు నిబంధనలు ఒక్కసారే వచ్చి పడడంతో ఎవరి డబ్బు ఎవరిదన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

బాధ్యత చట్టంలో, నిర్ణయం రాష్ట్రం చేతిలో

పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి, పట్టణాలకు సంబంధించిన 74వ సవరణ అదే ఏడాది జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు 29 అంశాలు, పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీలకు 18 అంశాలు చేర్చారు. అయిదేళ్లకోసారి ఎన్నికలు, రిజర్వేషన్లు, రాష్ట్ర ఎన్నికల సంఘం, స్థానిక సంస్థలకు రాష్ట్రం ఇవ్వాల్సిన వాటాను సిఫారసు చేసే రాష్ట్ర ఆర్థిక సంఘం తప్పనిసరయ్యాయి. ఆ 29 అంశాల్లో ఏది నిజంగా పంచాయతీకి బదిలీ చేయాలి, ఏ పన్ను వసూలు చేసుకోనివ్వాలి అన్నవి మాత్రం రాష్ట్ర శాసనసభల ఇష్టానికి విడిచిపెట్టారు. ఎన్నిక జరపకపోతే కోర్టుకు వెళ్లవచ్చు. వ్యవసాయ శాఖ ఉద్యోగిని పంచాయతీ కిందకు తేలేదని కోర్టుకు వెళ్లి గెలవడం కష్టం. మూడు దశాబ్దాలుగా పంచాయతీరాజ్ చర్చల్లో ‘నిధులు, విధులు, అధికారాలు’ అన్న మాట అరగదీసినట్టు వినపడుతుండడానికి మూలం ఇక్కడే ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికీ ఆధారం. తెలంగాణ 2018లో పంచాయతీలకు, 2019లో మున్సిపాలిటీలకు కొత్త చట్టాలు తెచ్చుకుంది. రెండుచోట్లా చెత్త ఎత్తించడం, మురుగు కాలువలు తీయించడం, వీధి దీపాలు వెలిగించడం, మంచినీళ్లు ఇవ్వడం, శ్మశానం చూసుకోవడం పంచాయతీ విధులే. పాఠశాల, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, వ్యవసాయం, పశుసంవర్ధకం షెడ్యూల్లో పేరుకు ఉన్నా, అక్కడ పనిచేసేవారి జీతం, బదిలీ, క్రమశిక్షణ అన్నీ ఆయా శాఖల దగ్గరే ఉన్నాయి. మంచినీటి విషయంలోనూ పెద్ద పథకాలు రాష్ట్రం కడుతుంది. తెలంగాణలో మిషన్ భగీరథ నీరు ఊరి ట్యాంకు వరకు తేవడం రాష్ట్ర యంత్రాంగం పని. ట్యాంకు నుంచి కుళాయి దాకా పైపు పగిలితే, వాల్వు పాడైతే, బోరు మోటారు కాలి రివైండింగుకు పోతే ఊళ్లోవాళ్లు నిలదీసేది సర్పంచినే.

ఇంటి పన్ను రసీదు చదివితే

పంచాయతీ సొంతంగా వసూలు చేసుకునేవాటిలో ఇంటి పన్నుదే మొదటి స్థానం. దానితోపాటు కుళాయి రుసుం, వీధి దీపాల పన్ను, డ్రైనేజీ పన్ను వేస్తారు. వారపు సంతల ఆశీలు, చెరువుల్లో చేపల వేలం, దుకాణాల లైసెన్సు ఫీజు, ఇళ్ల ప్లాన్ల అనుమతి రుసుం పన్నేతర రాబడి కిందకొస్తాయి. ఊళ్లో తూకం వేసి అమ్మే పంటపై ‘కొలగారం’ లేదా ‘కాటా రుసుం’ వసూలు చేసే వీలునూ 1994 చట్టంలో ఉంచారు. ధాన్యం అమ్మకం చాలావరకు మార్కెట్ యార్డులకు, కొనుగోలు కేంద్రాలకు మారిపోయిన ఊళ్లలో ఆ పద్దు పుస్తకంలోనే మిగిలింది.

ఆ రసీదులో ‘గ్రంథాలయ పన్ను’ అని ఇంకో గడి ఉంటుంది. ఇంటి పన్ను ప్రతి రూపాయి మీద 8 పైసలు. ఇది పంచాయతీది కాదు. వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టినవారి నుంచి మరో 80 రూపాయలు దీని కింద వస్తాయి. పంచాయతీలూ మున్సిపాలిటీలూ ఈ మొత్తాన్ని వసూలు చేసి కూడా జమ చేయకుండా ఏళ్ల తరబడి బాకీ పడడం గ్రంథాలయ సంస్థల పాత ఫిర్యాదు. రాష్ట్రం తమ వాటా ఆపిందని వాపోయే స్థానిక సంస్థ, తనకంటే చిన్న సంస్థ వాటాను తానూ అలాగే ఆపుతుందన్నది ఈ చిన్న గడిలో కనపడుతుంది. సొమ్ము ఎవరి చేతి మీదుగా పోతే వారు కొంతకాలం దాన్ని వాడుకుంటారు. రాష్ట్రం స్థాయిలో జరిగేది కూడా చాలావరకు ఇదే.

సొంత పన్నులు తక్కువగా ఉండడానికి స్థానిక కారణాలూ లేకపోలేదు. సర్పంచికి ప్రతి గడపా తెలుసు, ప్రతి గడపలో ఓటూ తెలుసు. పక్కా మేడ కట్టుకున్నా డిమాండ్ రిజిస్టరులో పెంకుటిల్లుగానే ఉండిపోయిన ఇళ్లు చాలా ఊళ్లలో కనపడతాయి. పన్ను సవరించి తిట్లు తినడం కన్నా, ఎమ్మెల్యే చుట్టూ తిరిగి ఒక సీసీ రోడ్డు సాధించడం సర్పంచికి రాజకీయంగా లాభం.

పంచాయతీల ఆర్థిక స్థితిపై రిజర్వు బ్యాంకు 2024 జనవరిలో ఇచ్చిన నివేదిక ఈ పరిస్థితిని దేశం మొత్తానికి లెక్కగట్టింది. 2022-23లో సగటు పంచాయతీకి సొంత పన్నుల ద్వారా వచ్చింది 21 వేల రూపాయలు, పన్నేతర రాబడి 73 వేలు. కేంద్రం నుంచి వచ్చిన గ్రాంటు సుమారు 17 లక్షలు, రాష్ట్రం నుంచి సుమారు 3.25 లక్షలు. పన్ను దాదాపు వసూలే కాని ఉత్తరాది పంచాయతీలూ ఈ సగటులో ఉన్నాయి. దక్షిణాది రాష్ట్రాల సొంత రాబడి కాస్త మెరుగు. అయినా పైనుంచి వచ్చే సొమ్ము మీదే బండి నడుస్తోందన్న మాట ఇక్కడా నిజమే.

రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టే ఊరి సొమ్ము

జనానికి పెద్దగా తెలియని పద్దు బదిలీ సుంకం. ఊళ్లో స్థలం కొన్నవారు స్టాంపు డ్యూటీతోపాటు దీన్నీ కడతారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దీని రేటు 1.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, బదిలీ సుంకం 1.5 కలిపి 7.5 శాతం. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ 5.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, బదిలీ సుంకం 1.5 కలిపి అక్కడా 7.5 శాతమే. 20 లక్షల ప్లాటు రిజిస్టరైతే లక్షన్నర చేతులు మారుతుంది. అందులో 30 వేలు రాష్ట్రానివి కావు, స్థానిక సంస్థలవి.

కానీ ఆ 30 వేలు పంచాయతీ ఖాతాలో పడవు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ద్వారా అన్నీ ఒకే చలానాలో ఖజానాకు చేరతాయి. ఏ పంచాయతీ పరిధిలో ఎన్ని రిజిస్ట్రేషన్లు జరిగాయో లెక్క తీసి, వాటాలు కట్టి, ఆర్థిక శాఖ విడుదల చేస్తే ఊరికి వస్తాయి. రాష్ట్ర ఖజానా బిగుసుకున్న ఏడాది ఈ విడుదల వెనక్కి జరుగుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ చుట్టూ వెంచర్లు లేచిన పంచాయతీలకు ఇది ఇంటి పన్ను కంటే పెద్ద రాబడి. మారుమూల ఊళ్లలో రిజిస్ట్రేషన్లే తక్కువ కాబట్టి దీని ఊసే ఉండదు. ఇలా ఈ పద్దు ఆలస్యం వేగంగా పెరుగుతున్న ఊళ్లను ఎక్కువగా దెబ్బతీస్తుంది. రోడ్లు, డ్రెయిన్లు వెంటనే కావాల్సినవీ ఆ ఊళ్లే.

ఇసుక, కంకర, గ్రావెల్ వంటి చిన్నతరహా ఖనిజాలపై వచ్చే సీనరేజీది (తవ్వకంపై వేసే రుసుం) కూడా ఇదే దారి. గనుల శాఖ వసూలు చేస్తుంది, జిల్లా, మండల పరిషత్తులతో పాటు పంచాయతీకీ వాటా ఉంటుంది. లారీలు తొక్కి పాడైన రోడ్డు ఊరికి వెంటనే కనపడుతుంది, వాటా మాత్రం తర్వాతెప్పుడో.

వృత్తి పన్ను కథ కొంచెం వేరు. రాజ్యాంగం 276వ అధికరణ ప్రకారం ఈ పన్ను రాష్ట్రం కోసమైనా, స్థానిక సంస్థల కోసమైనా వేయవచ్చు. ఒక్కొక్కరిపై ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదన్న పరిమితి 1988 నుంచి మారలేదు. తమిళనాడు, కేరళల్లో దీన్ని స్థానిక సంస్థలే వసూలు చేసుకుంటాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1987 చట్టంతో వాణిజ్య పన్నుల శాఖకు అప్పగించింది. ఉద్యోగి జీతం నుంచి కోసిన ఈ పన్ను నేరుగా రాష్ట్రానికి వెళ్తుంది, స్థానిక సంస్థలకు పరిహారం రూపంలో కొంత వస్తుంది. పన్ను అదే, పరిమితి అదే. చెన్నైలో అది నగరపాలక సంస్థకు హక్కుగా అందితే, హైదరాబాద్‌లో నగరపాలక సంస్థ రాష్ట్రాన్ని అడిగి తెచ్చుకోవాలి.

2017లో జీఎస్టీ వచ్చాక సినిమా వినోద పన్ను కూడా ఇలాగే చేజారింది. అంతకుముందు రాష్ట్రం వసూలు చేసినా ఎక్కువ భాగం స్థానిక సంస్థలకే పంచేవారు. జీఎస్టీలో కలిపేటప్పుడు, స్థానిక సంస్థలు స్వయంగా వేసుకునే వినోద పన్నుకు మాత్రం రాజ్యాంగంలో చోటు ఉంచారు. తమిళనాడు అదే ఏడాది చట్టం చేసి ఆ వీలును వాడుకుంది. మహారాష్ట్రలో జీఎస్టీతో పోయిన ఆక్ట్రాయ్ (నగరంలోకి వచ్చే సరుకుపై పన్ను) వంటి స్థానిక పన్నులకు బదులుగా నగరపాలక సంస్థలకు ఏటా 8 శాతం పెంచుతూ పరిహారం ఇవ్వాలని ఏకంగా చట్టమే చేశారు. ముంబయి బలమైన నగరం, తన వాటాను చట్టంలో రాయించుకోగలిగింది. పల్లెలకు ఆ బలం లేదు.

ఆర్థిక సంఘం గ్రాంటు: రెండు వేల జనాభా ఊరి లెక్క

పంచాయతీకి ఖాయంగా వచ్చే సొమ్ము కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు. పద్నాలుగో సంఘం 2015-20 కాలానికి పల్లెలకిచ్చిన గ్రాంటు మొత్తాన్ని గ్రామ పంచాయతీలకే కేటాయించింది. పన్ను వేసే అధికారం లేని మండల, జిల్లా పరిషత్తులకు దాంతో ఉన్న కాస్త ఆధారమూ పోయింది. పదిహేనో సంఘం ఈ తప్పును దిద్ది, గ్రామానికి 70 నుంచి 85 శాతం, మిగిలింది పై రెండు అంచెలకు పంచమంది.

2021-26 మధ్య గ్రామీణ సంస్థలకు పదిహేనో సంఘం సిఫారసు చేసింది 2,36,805 కోట్లు. రాష్ట్రాల మధ్య పంపకానికి జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యమిచ్చింది. 2011 జనగణన ప్రకారం దేశ గ్రామీణ జనాభా 83 కోట్ల పైచిలుకు. స్థూలంగా చూస్తే ఏడాదికి మనిషికి సుమారు 570 రూపాయలు. అందులో గ్రామ పంచాయతీ వాటా 400 నుంచి 485 మధ్య. అంటే రెండు వేల జనాభా ఊరికి ఏడాదికి 8 లక్షల నుంచి 9.7 లక్షలు.

ఆ మొత్తంలో 60 శాతం మంచినీరు, పారిశుద్ధ్యం పనులకే ముడిపెట్టారు. ఊరు తనకు నచ్చిన పనికి వాడుకోగలిగేది 40 శాతం, సుమారు 3.2 నుంచి 3.9 లక్షలు. దాన్ని కూడా జీతభత్యాలకు, కార్యాలయ ఖర్చులకు వాడకూడదు. ఇక ఖర్చు వైపు చూద్దాం. తెలంగాణలో 2019లో పారిశుద్ధ్య కార్మికులకు నెలకు 8,500 రూపాయల వేతనం నిర్ణయించారు. ఊళ్లో నలుగురు ఉంటే నెలకు 34 వేలు, ఏడాదికి 4.08 లక్షలు. ఊరి ఇష్టానికి వదిలిన గ్రాంటు కన్నా ఆ నలుగురి కూలి ఎక్కువ. పైగా ఆ గ్రాంటులోంచి వారికి జీతం ఇవ్వడానికి వీల్లేదు. సొంత రాబడి నుంచో, రాష్ట్రం ఇచ్చే నిధుల నుంచో ఇవ్వాలి. మొదటిది చాలదు, రెండోది ఎప్పుడొస్తుందో చెప్పలేరు. కార్మికులకు మూడు నెలలుగా జీతాల్లేవన్న వార్తలు జిల్లా పేజీల్లో ఏటా కనపడడం వెనక ఉన్న లెక్క ఇదే.

కేంద్ర గ్రాంటుకు ఒక క్రమశిక్షణ ఉంది. ఏడాదికి రెండు విడతలు. సొమ్ము అందిన పది పనిదినాల్లో రాష్ట్రం దాన్ని స్థానిక సంస్థలకు పంపాలి, లేదంటే ఆలస్యమైన రోజులకు వడ్డీ చెల్లించాలి. ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి. బదిలీ సుంకానికీ సీనరేజీకీ ఇలాంటి నిబంధన ఒక్కటీ లేదు.

కరెంటు బిల్లు గొడవ

పై ఏర్పాటు ఎంత పెళుసుదో 2021లో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడింది. పంచాయతీ ఖాతాలకు జమైన ఆర్థిక సంఘం నిధులను రాష్ట్ర ప్రభుత్వం విద్యుత్ పంపిణీ సంస్థల బకాయిల కింద సర్దుబాటు చేసింది. చాలామంది సర్పంచులు ఖాతా చూసుకునేసరికి నిల్వ లేదు. పార్టీలకు అతీతంగా, అధికార పక్షం మద్దతుతో గెలిచినవారు సహా, రోడ్డెక్కారు. కొందరు నిరసనగా భిక్షాటన చేశారు.

ప్రభుత్వ వాదన కొట్టిపారేయదగ్గది కాదు. వీధి దీపాలు, మంచినీటి మోటార్ల కనెక్షన్లు పంచాయతీల పేరు మీదే ఉన్నాయి. ఏళ్ల తరబడి బిల్లు కట్టకపోతే విద్యుత్ పంపిణీ సంస్థలు అప్పుల్లో కూరుకుపోతాయి, ఆ నష్టం చివరికి వినియోగదారుడి మీదే పడుతుంది. మంచినీటి పథకం కరెంటు ఖర్చు గ్రాంటు ఉద్దేశానికి దూరమైనదీ కాదు. చిన్న పంచాయతీల కరెంటు బిల్లులు ఒకప్పుడు ప్రభుత్వమే భరించేదని, ఆ భారం ఎప్పుడు తమ మీద పడిందో చెప్పకుండానే పాత బకాయిలన్నీ నెత్తిన వేశారని సర్పంచుల ప్రతివాదం. బిల్లు కట్టాలా వద్దా అన్నదానిపై ఇద్దరి మధ్యా తేడా కొంతే. కట్టేది ఎవరు నిర్ణయించాలన్న దగ్గరే అసలు పేచీ. ఊరి తీర్మానం లేకుండా, సర్పంచి సంతకం లేకుండా ఊరి ఖాతాలో సొమ్ము కదిలిందంటే అది పేరుకే ఊరి ఖాతా.

ఈ వివాదం తర్వాత ఆర్థిక సంఘం నిధులకు పంచాయతీలు వేరుగా బ్యాంకు ఖాతాలు తెరవాలని, చెల్లింపులు కేంద్ర ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారానే జరగాలని కేంద్రం పట్టుబట్టింది. దాంతో ఆ ఒక్క పద్దుకు రక్షణ దొరికింది. సొంత పన్నుల సొమ్ముకు, రాష్ట్ర వాటాలకు అది వర్తించలేదు.

ఫ్రీజింగ్: ఉండీ వాడుకోలేని నిధులు

తెలుగు రాష్ట్రాల్లో పంచాయతీల సాధారణ నిధి కూడా చాలావరకు ఖజానాతో ముడిపడి ఉంటుంది. ఊళ్లో వసూలు చేసిన ఇంటి పన్నును ఖజానాలో జమ చేయాలి, కావాల్సినప్పుడు చెక్కు రాసి సబ్ ట్రెజరీకి పంపి తీసుకోవాలి. రాష్ట్రానికి నగదు కొరత వచ్చినప్పుడు ఆర్థిక శాఖ చెల్లింపులు ఆపుతుంది. దాన్నే సిబ్బంది ‘ఫ్రీజింగ్’ అంటారు. పాస్‌బుక్కులో నిల్వ ఉంటుంది, చెక్కు మాత్రం కదలదు. బ్లీచింగ్ పౌడరు కొనడానికి కార్యదర్శి అప్పు తెచ్చే పరిస్థితి ఇలాగే వస్తుంది.

పల్లె ప్రగతి అనుభవం ఇందుకు మరో కోణం. తెలంగాణ ప్రభుత్వం 2019 సెప్టెంబరులో 30 రోజుల ప్రణాళికతో ఈ కార్యక్రమం మొదలుపెట్టి ప్రతి ఊరికీ ట్రాక్టరు, నర్సరీ, డంపింగ్ యార్డు, వైకుంఠధామం ఉండాలని లక్ష్యం పెట్టింది. మొదట్లో నెలనెలా నిధులూ విడుదల చేసింది. ఊళ్ల రూపురేఖలు మారిన మాట వాస్తవం. ఏ పని చేయాలో మాత్రం పైనుంచి నిర్ణయమైంది. పని చేయించాల్సింది సర్పంచి, ఆలస్యమైతే నోటీసు ఇచ్చేది, సస్పెండ్ చేసేది కలెక్టరు. తర్వాత విడుదలలు మందగించాయి. అప్పటికే సొంత సొమ్ము పెట్టి, వడ్డీకి తెచ్చి పనులు పూర్తి చేసిన సర్పంచులు ఎంబీ రికార్డులు (చేసిన పని కొలతల పుస్తకాలు) పట్టుకుని బిల్లుల కోసం తిరిగారు. 2024 ఫిబ్రవరి నాటికి పదవీకాలం ముగిసి మాజీలైన తర్వాతా ఆ తిరుగుడు ఆగలేదు.

2018 చట్టం చెక్కుపై సర్పంచితోపాటు ఉప సర్పంచి సంతకమూ ఉండాలంది. దుర్వినియోగాన్ని అరికట్టడం దీని ఉద్దేశం. ఇద్దరికీ పొసగని ఊళ్లలో ఆ సంతకమే ఇంకో తాళమైంది.

ఆంధ్రప్రదేశ్‌లో సమస్య మరో రూపంలో వచ్చింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చి, ఊరికి పదిమంది వరకు ఉద్యోగులు దొరికారు. మూడు దశాబ్దాలుగా పంచాయతీలు అడిగింది సిబ్బందినే. ఆ సిబ్బంది పంచాయతీకి కాకుండా తమ తమ శాఖలకు జవాబుదారులయ్యారు. పంచాయతీ కార్యదర్శి అధికారాలు కొన్నింటిని వీఆర్వోలకు ఇస్తూ తెచ్చిన జీవోను 2021లో హైకోర్టు నిలిపివేసింది. ఒకే భవనంలో ఎన్నికైన పాలకవర్గం ఒక గదిలో, ప్రభుత్వ యంత్రాంగం పక్క గదిలో అన్నట్టు సాగింది.

పట్టణాల్లో పన్ను రాయితీ ఎవరి జేబులోంచి?

మున్సిపాలిటీలకు ఆస్తి పన్ను ఉంది కాబట్టి పల్లెల కన్నా స్థితిమంతులు. అయితే ఆ పన్ను రేటుపైనా రాష్ట్రానిదే చివరి మాట. హైదరాబాద్‌లో నివాస గృహాల పన్ను 2002 తర్వాత, వాణిజ్య భవనాలది 2007 తర్వాత సాధారణ సవరణకు నోచుకోలేదు. 2016 నగర ఎన్నికల సమయంలో ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్నున్న ఇళ్లకు 101 రూపాయలు చాలన్నారు. 2020 ఎన్నికల ముందు 15 వేల లోపు పన్నున్న ఇళ్లకు సగం రాయితీ ప్రకటించారు. ప్రకటించింది రాష్ట్రం, తరిగింది నగర రాబడి.

ఆంధ్రప్రదేశ్ 2021-22 నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ ప్రాతిపదికన పన్ను వేయడం మొదలుపెట్టింది. పెంపు 15 శాతం దాటకుండా పరిమితి పెట్టింది. ఈ మార్పు పట్టణాలు కోరగా వచ్చింది కాదు. కొవిడ్ ఏడాది రాష్ట్రాలు అదనంగా అప్పు తీసుకోవాలంటే కొన్ని సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. పట్టణ సంస్థల సంస్కరణకు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 0.25 శాతం అదనపు అప్పు అనుమతి దక్కుతుంది. అప్పు వెసులుబాటు రాష్ట్రానిది. పెంచిన పన్నుకు వార్డుల్లో మాట పడింది కౌన్సిలర్లు.

నీటి సరఫరా, పట్టణ ప్రణాళికల్లోనూ ఇదే వరస. హైదరాబాద్ జలమండలి, మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) రెండూ నగరపాలక సంస్థకు కాక రాష్ట్రానికి జవాబు చెప్పే సంస్థలు.

రాష్ట్ర ఆర్థిక సంఘాలు ఎందుకు పనిచేయడం లేదు?

కేంద్రం, రాష్ట్రాల మధ్యా ఇలాంటి తగవే ఉంది, దానికి మాత్రం దారి దొరికింది. కేంద్ర ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం వాటాను ఏడాదికి 14 వాయిదాల్లో కేంద్రం రాష్ట్రాలకు విడుదల చేస్తుంది. ఎంతివ్వాలన్నదానిపై రాష్ట్రాలు కొట్లాడతాయి గానీ, చెప్పిన వాటా రాలేదన్న ఫిర్యాదు అరుదు. సిఫారసును ఆమోదించడం ఆనవాయితీగా స్థిరపడింది.

రాష్ట్ర ఆర్థిక సంఘం కూడా రాజ్యాంగ సంస్థే. 243-ఐ అధికరణ ప్రకారం అయిదేళ్లకోసారి నియమించాలి, సిఫారసులపై తీసుకున్న చర్యల నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. ఆచరణలో నియామకమే ఆలస్యమవుతుంది. తెలంగాణ మొదటి ఆర్థిక సంఘానికి జి. రాజేశంగౌడ్ 2018 జనవరిలో ఛైర్మన్ అయ్యారు, రాష్ట్రం ఏర్పడిన మూడున్నరేళ్ల తర్వాత. రెండో సంఘానికి 2024 ఫిబ్రవరిలో సిరిసిల్ల రాజయ్యను నియమించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడో సంఘం 2008లో నివేదిక ఇస్తే, దానిపై చర్యల నివేదిక రావడానికి ఏళ్లు పట్టింది. అప్పటికి ఆ అంకెలకు కాలం చెల్లిపోతుంది, ప్రభుత్వమూ మారిపోతుంది.

దీనికి బలమైన కారణం ఉంది. కేంద్రం వాటా ఎగ్గొడితే నిలదీయడానికి ముఖ్యమంత్రులున్నారు, రాజ్యసభ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. రాష్ట్రం వాటా ఎగ్గొడితే 13 వేల మంది సర్పంచులు విడివిడిగా, పార్టీరహిత ఎన్నికల్లో గెలిచి, తమను సస్పెండ్ చేయగల అధికారి ఎదుట నిలబడి అడగాలి. నియోజకవర్గంలో తనకు పోటీగా ఎదిగే నాయకుడు సర్పంచే కాబట్టి ఎమ్మెల్యేకు కూడా ఈ విషయంలో తొందర ఉండదు.

2024 మార్చి తర్వాత రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఏర్పాటు చేయని, సిఫారసులపై చర్యలు చెప్పని రాష్ట్రాలకు గ్రాంటు ఆపాలని పదిహేనో సంఘం షరతు విధించింది. దాంతో నియామకాల్లో కదలిక వచ్చింది. అయితే సంఘాన్ని వేయడం, శాసనసభ ముందు ఓ నివేదిక పెట్టడం వరకే షరతు పట్టు. సిఫారసు చేసిన సొమ్ము నిజంగా ఇచ్చారా అన్నది దాని పరిధిలోకి రాదు.

కేరళను చూసి ఎంత నేర్చుకోవచ్చు?

1996లో ప్రజా ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు కేరళ తన ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు వదిలింది. తర్వాత ఆ శాతం తగ్గినా, ఒక పద్ధతి నిలిచింది. బడ్జెట్‌తోపాటు నాలుగో అనుబంధంగా ఒక పుస్తకం శాసనసభ ముందుకు వస్తుంది. ఏ గ్రామ పంచాయతీకి, ఏ మున్సిపాలిటీకి ఆ ఏడాది ఎంత అన్నది అందులో పేరుపేరునా అచ్చవుతుంది. నిధులు ఆలస్యమవడం అక్కడా ఉంది, ట్రెజరీ ఆంక్షలూ ఉన్నాయి. కానీ ఎంత రావాలో పంచాయతీ అధ్యక్షుడికీ, ప్రతిపక్షానికీ, విలేకరికీ ఏడాది మొదట్లోనే తెలుస్తుంది. బాకీ ఎంతో తెలిస్తేనే అడగడం కుదురుతుంది.

కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన అధికార బదలాయింపు సూచీలో కర్ణాటక మొదటి స్థానంలో, కేరళ, తమిళనాడు తర్వాతి స్థానాల్లో ఉన్నాయి. మూడూ దక్షిణాది రాష్ట్రాలే కావడంతో అవి చేయగలిగింది ఇక్కడెందుకు కాదన్న ప్రశ్న సహజం. అయితే కేరళ నమూనాను యథాతథంగా దించుకోవడానికి ఒక అడ్డంకి ఉంది. అక్కడి గ్రామ పంచాయతీలు 941. సగటున ఒక్కోదానిలో 20 వేలకు అటూఇటూగా జనాభా. తెలంగాణ 2018లో తండాలను, శివారు పల్లెలను విడదీసి పంచాయతీల సంఖ్యను 8,690 నుంచి 12,751కి పెంచింది. 2011 జనాభాతో చూస్తే సగటు రెండు వేల లోపే. తండాకు తన సొంత సర్పంచి దొరకడం రాజకీయంగా పెద్ద మార్పు, దాని విలువ వేరు. ఆర్థికంగా చూస్తే అయిదొందల జనాభా పంచాయతీకి ఇంజినీరును పెట్టుకునే స్తోమత రాదు, ఇంటి పన్నుతో కరెంటు బిల్లూ గడవదు. పంచాయతీ ఎంత చిన్నదైతే రాష్ట్రంపై అంతగా ఆధారపడుతుంది. ప్రాతినిధ్యం దగ్గరైన కొద్దీ రాబడి పునాది సన్నబడిందన్నది ఆ విభజన ఫలితాల్లో తక్కువగా చర్చకొచ్చినది.

ఇక ముందు

రాష్ట్రాల వెనకంజకు వాటి కష్టాలూ కారణమే. జీతాలు, పెన్షన్లు, వడ్డీలు, నగదు బదిలీ పథకాలు ప్రతి నెలా ఫలానా తేదీకి చెల్లించి తీరాలి. ఆ తేదీ తప్పితే గగ్గోలు పుడుతుంది. తేదీ లేని చెల్లింపు పంచాయతీ వాటా కాబట్టి సర్దుబాటు దాని మీదే జరుగుతుంది. ప్రభుత్వాలు మారినా ఈ తీరు రెండు రాష్ట్రాల్లోనూ మారలేదు. అందుకే దీన్ని ఒక పార్టీ ఖాతాలో వేయడం తేలిక గానీ సరికాదు.

బదిలీ సుంకాన్ని రిజిస్ట్రేషన్ రోజే విడగొట్టి స్థానిక సంస్థ ఖాతాకు పంపడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. చలానా ఆన్‌లైన్‌లో కడుతున్నారు, స్థలం ఏ పంచాయతీదో దస్తావేజులోనే ఉంటుంది. కేంద్ర గ్రాంటుకున్న పది రోజుల గడువు, వడ్డీ నిబంధన రాష్ట్ర వాటాలకూ పెట్టడానికి రాష్ట్ర చట్టంలో సవరణ చాలు. ఇందులో రాష్ట్రం పోగొట్టుకునేది పన్నును కాదు, ఆ సొమ్మును కొన్ని నెలలు చేతిలో ఉంచుకునే వీలును. నగదు కొరతలో ఉన్న ఆర్థిక శాఖకు ఆ వీలు విలువ చిన్నదేమీ కాదు. తెలంగాణ రెండో ఆర్థిక సంఘం సిఫారసులపై ప్రభుత్వం శాసనసభకు ఏం చెబుతుంది, ఆంధ్రప్రదేశ్‌లో పాలకవర్గాల గడువు తీరాక ఎన్నికలు ఎంత త్వరగా జరుగుతాయి అన్నవే 2026లో గమనించాల్సినవి. రెండో దానిలో జాప్యమైతే, తెలంగాణ పల్లెలకు రెండేళ్లు ఆగినట్టే అక్కడా కేంద్ర గ్రాంటు ఆగుతుంది.